సిగ్నల్ దగ్గర ఒక జ్వరం, హైవే మీద మరొకటి

1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కార్లలో చాలావాటికి 289 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 4.7 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉండేది. అందులో మామూలు రకానికి కంపెనీ చెప్పిన శక్తి 200 హార్స్‌పవర్. అమెరికాలో ఇలాంటి పాత కారు చేతికి వస్తే చాలామందికి దాన్ని 300కు పెంచాలనిపిస్తుంది. కొత్త సిలిండర్ హెడ్లు (సిలిండర్ల మీది మూతలు), వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పెట్రోలును గాలితో కలిపే పెద్ద కార్బురేటర్ వచ్చి చేరతాయి. ఆ తర్వాత ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎగబాకుతుంది. వెంటనే ఇంజిన్ నీళ్లను గాలితో చల్లార్చే రేడియేటర్ పెద్దది కొంటారు. డబ్బు దండగయ్యేది తరచుగా ఇక్కడే.

పెట్రోలులోని శక్తిలో స్థూలంగా మూడో వంతే పనికొస్తుంది. మరో మూడో వంతు పొగతో పాటు పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లకు చేరుతుంది. 300 హార్స్‌పవర్ అంటే సుమారు 224 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినంతసేపూ నీళ్లలోకి కూడా దాదాపు అంత వేడీ వెళ్తుంది. మన ఇళ్లలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు వంద దాకా ఒకేసారి వేసినట్టన్నమాట. అయితే రోడ్డు మీద అలా తొక్కేది కొన్ని సెకన్లే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సాఫీగా సాగే కారుకు పాతిక ముప్పై హార్స్‌పవర్ చాలు. ఇంజిన్ 200దైనా 300దైనా గాలిని చీల్చుకుపోయే శ్రమ ఒక్కటే.

అందుకే ముందు అడగవలసింది, ఎక్కడ వేడెక్కుతోంది అని. హైవే మీదైతే గాలికి కొరత లేదు కాబట్టి లోపం నీళ్ల దారిలో ఉంటుంది. రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా పంపు పీల్చే జోరుకు కింది రబ్బరు గొట్టం నొక్కుకుపోతూ ఉండవచ్చు. సిగ్నల్ దగ్గరైతే అనుమానించవలసింది గాలిని. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు లేకపోతే, రెక్కలు రేడియేటర్ గుండా గాలి లాగడం మాని చుట్టూ ఉన్న వేడిగాలినే తిప్పుతుంటాయి.

ఎవరూ పట్టించుకోని దోషి మరొకటి ఉంది: ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పడే సమయం. బండి ఆగి, ఊరికే తిరుగుతున్న ఇంజిన్‌లో ఇంధన మిశ్రమం పలచగా ఉంటుంది, నెమ్మదిగా మండుతుంది. కాబట్టి నిప్పురవ్వ ముందుగా పడాలి. ఆ పని చూసుకునేది, సిలిండర్లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ అడ్వాన్స్ అనే పరికరం. రేసు కార్లకు అది ఉండదని కొందరు పీకేస్తారు. రేసు కార్లు సిగ్నల్ దగ్గర ఆగవు కదా! రవ్వ ఆలస్యమైతే మంట ఆరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. చక్రం తిప్పవలసిన వేడి హెడ్‌లోని పొగదారి గోడల ద్వారా నీళ్లకు ఎక్కుతుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా జ్వరం తగ్గకపోతే, సిలిండర్లుండే బ్లాకుకూ హెడ్‌కూ మధ్య బిగించే పలచని పొర, అంటే హెడ్ గ్యాస్కెట్ గుర్తుకు రావాలి. ఈ ఇంజిన్‌లో నీళ్లు ముందున్న పంపు నుంచి బ్లాకు వెనక దాకా వెళ్లి, అక్కడి రంధ్రాల గుండా హెడ్‌లోకి ఎక్కి, మళ్లీ ముందుకు వస్తాయి. హెడ్ గ్యాస్కెట్‌లో పెద్ద రంధ్రాలు వెనకవైపు ఉండేది అందుకే. అయితే బోల్టుల రంధ్రాలు రెండు వైపులా సరిపోతాయి. తిప్పి పెట్టినా అది చక్కగా కూర్చుంటుంది, బండి స్టార్టవుతుంది. నీళ్లు మాత్రం ముందువైపే అడ్డదారిలో హెడ్‌లోకి ఎక్కి బయటపడతాయి. వెనక సిలిండర్ల దగ్గర హెడ్ కాగిపోతూ ఉంటుంది. కొత్త రేడియేటర్, కొత్త ఫ్యాన్, కొత్త పంపు కొన్నాక చివరికి హెడ్ విప్పుతారు. గ్యాస్కెట్ మీద అచ్చు గుద్దిన ‘ఫ్రంట్’ అన్న మాట వెనకవైపున కనిపిస్తుంది.