పాలమూరులో ఇద్దరు చాలన్న లెక్క

ఆడవాళ్లు ఉద్యోగాలకు పోవడం వల్లే పిల్లలు తగ్గారని చాలామంది తేలిగ్గా తేల్చేస్తారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆ మాట నిలబడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 కావాలి. ఇది చదువులు పెరిగాక వచ్చిన తగ్గుదలే అనడానికీ లేదు. 2011లో పాలమూరు అక్షరాస్యత 55 శాతమే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా తక్కువ. అయినా ఊళ్లల్లో ఇద్దరితో ఆపడం ఎప్పుడో మామూలైంది. ఇద్దరూ ఆడపిల్లలైతే మూడో కాన్పుకు వెళ్లే ఇళ్లు ఉన్నాయి, అది వేరే జబ్బు.

దక్షిణ కొరియాలో 2023లో ఒక్కో మహిళకు పిల్లల సగటు 0.72కు పడింది. అక్కడ పెళ్లే ఆలస్యం, కొందరికి అసలే లేదు. మన దగ్గర దారి తిరగబడింది. తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతుకు పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తొందరగా పెళ్లి, వెంటనే రెండు కాన్పులు, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్లు నూటికి ఇద్దరు.

బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త కేథరిన్ హకీమ్ ఆడవాళ్ల ఇష్టాలను మూడుగా విడదీసింది. ఇల్లే ముఖ్యమనేవాళ్లు సుమారు 20 శాతం, పనే ముఖ్యమనేవాళ్లు 20 శాతం, రెండూ కావాలనే మిగతా 60 శాతం. ఆమె లెక్కలో ప్రభుత్వ సాయం, ఇంటి పరిస్థితి బట్టి మొగ్గేది ఈ మధ్యవాళ్లే. ఇష్టం అనేది చుట్టూ ఉన్న బతుకులోంచే పుడుతుంది కదా అని విమర్శకులన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మిర్యాలగూడ దగ్గర నాట్లేసే కూలీని, నారాయణపేట నుంచి ముంబయికి వలసపోయే తల్లిని “పనా, ఇల్లా?” అని అడిగితే నవ్వుతుంది. రెండూ ఆమె నెత్తినే ఉన్నాయి, ఏరుకోమని ఎవరూ అడగలేదు.

ఆమె ఏరుకున్నది మరొకటి ఉంది. తక్కువమంది పిల్లలు, ఒక్కొక్కరి మీద ఎక్కువ ఖర్చు. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960లోనే ఈ బేరాన్ని వివరించాడు. ఇక్కడ దాని రూపం ఇంగ్లిష్ మీడియం ఫీజు, బడి బస్సు, హాస్టల్ సీటు. వానాకాలం పత్తి డబ్బులు ఇద్దరికే కష్టంగా సరిపోతాయి.

ఆ తల్లి కూతురి సంగతి వేరు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆడపిల్లలకు 2016లో డిగ్రీ కాలేజీలు మొదలయ్యాయి. డిగ్రీ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకునే ఈ పిల్లకు హకీమ్ చెప్పిన ‘రెండూ కావాలనే’ వర్గం అచ్చంగా సరిపోతుంది. ఆమెకు పెళ్లి ఎప్పుడు, రెండో బిడ్డ ఉండాలా వద్దా అన్నవి నిజమైన ప్రశ్నలు. జవాబు చాలావరకు ఇంట్లోని మగవాడి చేతిలో ఉంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లకు అది రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. అసలు ఆ పని ముట్టే మగవాళ్లే నలుగురిలో ఒకరు.

2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. కంపెనీలో పనిచేసే కూతురికి అది దక్కవచ్చు, నాట్లేసే తల్లికి దక్కదు. సెలవు అయిపోయాక బిడ్డను చూసేదెవరు? అమ్మమ్మ అనుకుంటాం. ఆ అమ్మమ్మకు ఇంకా యాభై కూడా నిండలేదు, పత్తి ఏరే కూలికి పోతూనే ఉంది.