ఇల్‌టుట్‌మిష్, ఆయన వంశం: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు మధ్యయుగ చరిత్ర చెబుతాను. ఢిల్లీ సుల్తానుల పాఠం వచ్చిందంటే చాలు, ఏటా ఇవే మాటలు వినబడతాయి. కొన్ని గైడ్లలో కూడా ఇవే అచ్చవుతున్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: 1206 నుంచి 1290 దాకా ఢిల్లీని ఏలింది ‘బానిస వంశం’ అనే ఒకే కుటుంబం.

వాస్తవం: ఏలినవి మూడు కుటుంబాలు. మొదటి కుటుంబం తొలి సుల్తాన్ కుతుబుద్దీన్ ఐబక్‌ది. తర్వాత 1211 నుంచి 1236 దాకా ఏలిన ఇల్‌టుట్‌మిష్ ఐబక్‌కు కొడుకు కాదు, అల్లుడు. బాల్బన్‌కైతే ఆ ఇంటి రక్తమే లేదు. ఇల్‌టుట్‌మిష్ కొన్న బానిస ఆయన. తర్వాత కూతుర్ని సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్‌కిచ్చి బంధువయ్యాడు, 1266లో తానే గద్దెనెక్కాడు.

అపోహ: ఇల్‌టుట్‌మిష్ బానిసగా ఉండగానే సుల్తాన్ అయ్యాడు.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. ఇల్బరీ తురుష్కుల ఇంట పుట్టిన పిల్లవాడిని అన్నదమ్ములే అసూయతో అమ్మేశారు. బుఖారా, గజనీల్లో చేతులు మారి చివరికి ఢిల్లీలో ఐబక్ దగ్గర తేలాడు. పంజాబ్‌లోని ఖోఖర్ల తెగతో యుద్ధంలో అతని తెగువ చూసి, వీడికి విముక్తి ఇవ్వమని ఐబక్ యజమాని మహమ్మద్ ఘోరీ స్వయంగా ఐబక్‌కు చెప్పాడు. 1211లో గద్దెనెక్కేసరికి ఆయన స్వతంత్రుడే. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఒక కథ చెబుతాడు. బానిసకు రాజ్యం చెల్లుతుందా అని తేల్చుకోవడానికి ఖాజీ, ధర్మశాస్త్ర పండితులు దర్బారుకు వచ్చారట. వాళ్ల మనసులో మాట కనిపెట్టిన సుల్తాన్, తాను కూర్చున్న తివాచీ అంచు ఎత్తి విముక్తి పత్రం తీసి చేతిలో పెట్టాడట. ఇది శతాబ్దం తర్వాత రాసిన కథే. అయినా ఆ కాగితానికి ఎంత విలువుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

అపోహ: ఇల్‌టుట్‌మిష్ తెచ్చిన వెండి నాణెం టంకా రాగానే పాత నాణేలన్నీ పోయాయి.

వాస్తవం: పోలేదు. చిన్న నాణెం జితల్ మీద ఒకవైపు గుర్రపు రౌతు, మరోవైపు ఎద్దు బొమ్మ ఆయన కాలంలోనూ కొనసాగాయి. సుల్తాన్ పేరు నాగరి లిపిలో ఉన్న జితళ్లూ ఉన్నాయి. బజారులో జనం నమ్మే నాణేన్ని చెడగొట్టకపోవడం ఆయన తెలివి.

అపోహ: ఇల్‌టుట్‌మిష్ తర్వాత నేరుగా ఆయన కూతురు రజియాయే గద్దెకు వచ్చింది.

వాస్తవం: వారసురాలిగా రజియా పేరు రాయించాడు, నిజమే. కానీ 1236లో ఆయన పోగానే అమీర్లు, అంటే దర్బారు పెద్దలు, కొడుకు రుక్నుద్దీన్ ఫిరోజ్‌ను కూర్చోబెట్టారు. పెత్తనం అతని తల్లి షా తుర్కాన్‌ది. ఏడు నెలలైనా తిరక్కుండానే ఢిల్లీ జనం తిరగబడ్డారు, అప్పుడు గానీ రజియాకు గద్దె దక్కలేదు.

అపోహ: ఇల్‌టుట్‌మిష్ ఏలుబడి మన తెలుగు నేల దాకా వచ్చింది.

వాస్తవం: రాలేదు. అప్పుడు ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఢిల్లీ సైన్యం ఇటువైపు తొలిసారి కదిలింది 1303లో, అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో.

ఇక ఒకటి మాత్రం అపోహ అనలేం. 1246 నుంచి 1266 వరకు ఏలిన నాసిరుద్దీన్ మహమూద్ ఇల్‌టుట్‌మిష్‌కు కొడుకా, మనవడా? బెంగాల్లో 1229లో చనిపోయిన పెద్ద కొడుకు పేరూ అదే. ఆ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టారని ఆనాటి చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు, తర్వాతి రచయితలు కొందరు మనవడన్నారు. మిన్హాజ్ ఆ దర్బారులోనే ఉన్న మనిషి. అందుకే నేను కొడుకనే చెబుతాను, రెండో వాదనా ఉందని పిల్లల చేత నోట్సులో రాయిస్తాను.