విడాకుల కాపీ ఎవరి చేతికి? 1976లో మొదలైన గొడవ

రెండో పెళ్లి సంబంధాల దగ్గర పుట్టిన పేచీ మళ్లీ రచ్చకెక్కింది. అబ్బాయికి విడాకులయ్యాయంటారు, డిక్రీ (విడాకులు ఖాయం చేసే కోర్టు ఉత్తర్వు) జిరాక్సు ఒకటి వాట్సాప్‌లో పంపుతారు. అది అసలుదో కాదో చూసుకుందామని అమ్మాయి తరఫువాళ్లు హనుమకొండ అదాలత్‌కు వెళ్తే ‘కేసులో మీరు పార్టీ కాదు కదా’ అన్న మాట వినిపిస్తుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వెతికితే కేసు ముగిసినట్టు కనిపిస్తుంది గానీ తీర్పు తెరుచుకోదు. పొలం తగాదా తీర్పు ఎవరైనా చదవచ్చు, పెళ్లి తగాదా తీర్పు ఎందుకు దాస్తారని ఒక వర్గం అడుగుతోంది. మా కాపురంలో ఏం జరిగిందో ఊరంతా చదవాలా అని ఇంకో వర్గం అంటోంది. ఈ ఇద్దరి నడుమ ఇంకొకరున్నారు. కేసులో పార్టీ అయి ఉండి కూడా తన కాపీ తనకు అందని భార్య. చర్చలో ఆమె ఊసే లేదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఎలా వచ్చిందో, దాని మీద ఎంత గొడవ జరిగిందో ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ వివాదానికి సంబంధించినంత వరకు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ 1976 మే 27. ఆ రోజు అమల్లోకి వచ్చిన సవరణను అందరూ 13-బి తెచ్చిన సవరణగానే, అంటే ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకునే దారి చూపిన సవరణగానే చెప్పుకుంటారు. దానితో పాటే మరో రెండు మార్పులు జరిగాయి.

మొదటిది సెక్షన్ 22లో. అంతకుముందు ఇద్దరిలో ఒకరు కోరితేనో, జడ్జికి అవసరమనిపిస్తేనో తలుపులు మూసి విచారణ జరిపేవారు. సవరణ తర్వాత ఈ చట్టం కింద ప్రతి విచారణా ఆంతరంగికమే అయింది. అందులోని విషయాలు అచ్చు వేసినా, ప్రచురించినా వెయ్యి రూపాయల దాకా జరిమానా. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మాత్రం, అదీ ఆ కోర్టు అనుమతి ఉంటేనే, మినహాయింపు. రెండో మార్పు సెక్షన్ 23లో చేర్చిన నాలుగో ఉపసెక్షన్. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు దాని కాపీని రెండు పక్షాలకూ ఉచితంగా ఇవ్వాలి. అడిగితే ఇవ్వాలని కాదు, ఇవ్వాలనే ఉంది.

బయటివాళ్లకు తలుపు మూయమన్నదీ, లోపలివాళ్ల చేతిలో కాగితం పెట్టమన్నదీ ఒకే సవరణ. ఈ యాభై ఏళ్లలో మొదటి మాట కోర్టు గుమస్తా నుంచి వెబ్‌సైట్ తయారుచేసినవాళ్ల దాకా అందరికీ కంఠతా వచ్చింది. రెండో మాట చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఉచిత కాపీ అన్నది డిక్రీకే గానీ పూర్తి తీర్పుకు కాదు కాబట్టి వకీళ్లు ఎలాగూ డబ్బు కట్టి రెండింటికీ కలిపి కాపీ అప్లికేషన్ వేసేస్తారు. అలవాటు అలా పడిపోయింది. వకీలు పెట్టుకుని, వాయిదా వాయిదాకూ వచ్చినవాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు.

నష్టం ఎక్స్‌పార్టీ డిక్రీలో, అంటే ఒక పక్షం రాకుండానే ఇచ్చిన డిక్రీలో ఉంది. భర్త కేసు వేయడానికి చట్టం మూడు చోట్లు ఇస్తుంది: పెళ్లి జరిగిన ఊరు, భార్య ఉంటున్న ఊరు, ఇద్దరూ చివరగా కలిసి ఉన్న ఊరు. పెళ్లి నర్సంపేటలో అయింది, కాపురం కొన్నాళ్లు కరీంనగర్‌లో, తర్వాత హైదరాబాద్‌లో సాగింది, గొడవ పడి ఆమె పరకాల దగ్గరి పుట్టింటికి చేరింది అనుకుందాం. నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్తుంది, తాళం ఉందని తిరిగి వస్తుంది. తర్వాత పేపర్ ప్రకటన. పొలం పనికో బీడీల కార్ఖానాకో వెళ్లే మనిషి ఆ ప్రకటన ఎప్పుడు చూడాలి? హాజరు కాలేదని కోర్టు ఎక్స్‌పార్టీ చేసి, భర్త వాంగ్మూలం ఒక్కటే విని డిక్రీ ఇస్తుంది. అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడని తెలిసిన రోజే తనకు విడాకులయ్యాయని ఆమెకు తెలుస్తుంది.

అప్పటి నుంచి వెతుకులాట మొదలు. ఏ కోర్టు? ఏ సంవత్సరం? కేసు నంబరు లేకుండా కాపీ సెక్షన్‌కు వెళ్తే ‘నంబరు తెండమ్మా’ అంటారు, వాళ్ల తప్పూ కాదు. వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో వెతకవచ్చు. కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం కొట్టాలి. అక్కడ పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి. ఇంటిపేరు ముందు పెట్టారా, వెనక పెట్టారా, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుతో రాశారా, ‘లక్ష్మి’ని ఎక్స్‌తో రాశారా కె-ఎస్‌తో రాశారా అన్నదాన్ని బట్టి కేసు దొరకడమో, దొరకకపోవడమో. జిల్లా మార్చి, కోర్టు మార్చి, సంవత్సరం మార్చి కొడుతూ పోవాలి. దొరికితే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు వస్తుంది. ఆ తర్వాత ఆ కేసును ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు.

ఇంత తొందర ఎందుకంటే ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి ముప్పై రోజులే గడువు. సమన్లు సరిగ్గా అందలేదని తేలితే ఆ ముప్పై రోజులూ ఆమెకు తెలిసిన రోజు నుంచి లెక్క. ఎప్పుడు తెలిసిందన్న దాని మీదే సగం వాదన నడుస్తుంది. కాపీ మీద ఉండే ముద్రకు అందుకే విలువ. సర్టిఫైడ్ కాపీ చివర తేదీల వరుస ఒకటి ఉంటుంది: అప్లికేషన్ వేసిన రోజు, చార్జీలు పిలిచిన (కట్టమని చెప్పిన) రోజు, కట్టిన రోజు, కాపీ తయారైన రోజు, ఇచ్చిన రోజు. చార్జీలు పిలిచారంటే ఇంటికి ఫోన్ వస్తుందని అనుకోవద్దు. నోటీసు బోర్డు మీద అతికించిన జాబితాలో నంబరు చూసుకోవాలి. చూసుకోక గడువు దాటితే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికే. అప్పీలు గడువులో కాపీ కోసం పట్టిన సమయాన్ని 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 మినహాయిస్తుంది, కానీ ఆ మినహాయింపు లెక్క తేలేది కూడా ఈ ముద్రలోని తేదీల నుంచే.

ఇక బయటివాళ్ల సంగతి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక కోర్టు కాగితాలనూ ఆర్టీఐ దరఖాస్తుతో అడగవచ్చని కొందరు ఆశపడ్డారు. ఆ దారి 2020 మార్చి 4న మూసుకుపోయింది. గుజరాత్ హైకోర్టు, ప్రధాన సమాచార కమిషనర్ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్. భానుమతి ధర్మాసనం, కోర్టు రికార్డుల కాపీలు ఆ కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని తేల్చింది. మూడో వ్యక్తి అయితే ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి చెప్పాలి. మరో మూడు వారాలకే లాక్‌డౌన్ వచ్చింది, ఈ తీర్పు గురించి మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఈ మధ్య ‘కోర్టులు కొత్తగా దాస్తున్నాయి’ అంటున్నవాళ్లు ఈ తీర్పును ఇప్పుడు చూస్తున్నారేమో.

తెరవమనే వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. విడాకుల డిక్రీ ఆ ఇద్దరినే కాదు, లోకం మొత్తాన్ని కట్టిపడేస్తుందని 2024 దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టమే సెక్షన్ 41లో చెప్పింది. అందరికీ వర్తించే తీర్పును అందరూ చూడకూడదా అని వాళ్ల ప్రశ్న. మొదటి భార్య ఉండగానే పెళ్లి చేసుకుంటే నేరమని చట్టం ఉన్నప్పుడు ఆ సంగతి తెలుసుకునే దారి కూడా ఉండాలి కదా అంటారు. దారి ఉంది. అబ్బాయి కేసులో పార్టీ. ఎప్పుడైనా వెళ్లి తాజా సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోగలడు. జిరాక్సు కాదు, ఈ నెల తేదీ ముద్ర ఉన్న కాపీ తెమ్మంటే నిజంగా విడాకులైనవాడికి పోయేదేమీ లేదు. తేనంటే ఆ సంబంధం గురించి ఇంకో మాట అనుకోవచ్చు. అతను ఇవ్వకపోయినా అఫిడవిట్‌తో జడ్జిని అడిగే వీలు ఎలాగూ ఉంది.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి, 2019లో ములుగు వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది. కోర్టులు మాత్రం చాలాకాలం పాత జిల్లాల లెక్కనే నడిచాయి. హనుమకొండలో కొత్త కోర్టు భవనాన్ని 2021 డిసెంబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ప్రారంభించారు. కొత్త జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్ 2న మొదలయ్యాయి. కాబట్టి మహబూబాబాద్ మనిషి 2009 నాటి డిక్రీ వెతుక్కుంటుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇప్పుడు తన జిల్లా ఏదన్నది కాదు, అప్పుడు కేసు ఏ కోర్టులో ముగిసిందన్నది. ఫ్యామిలీ కోర్టు లేని చోట్ల ఈ కేసులు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) నంబరుతో నడుస్తాయి, ఫ్యామిలీ కోర్టులో ఎఫ్.సి.ఓ.పి. అంటారు. ఒకే నంబరు, ఒకే సంవత్సరం రెండు కోర్టుల్లోనూ ఉండవచ్చు. అప్లికేషన్‌లో కోర్టు పేరు తప్పు రాస్తే దొరికేది వేరేవాళ్ల కట్ట. పాత జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల కేసులు కరీంనగర్ లెక్కలో వెతకాల్సి రావడం కూడా ఇలాంటిదే.

అసలు కోర్టుకే వెళ్లనివాళ్లది మరో కథ. పెద్దమనుషుల ముందు కూర్చుని, ఇచ్చిపుచ్చుకోవడాలు తేల్చుకుని, బాండు పేపరు మీద ఇడుపు కాయిదం రాసుకుని సంతకాలు పెట్టినవాళ్లు పల్లెల్లో ఎందరో. కులాచారంలో విడాకులు ఉన్నాయని రుజువు చేయగలిగితే వివాహ చట్టం సెక్షన్ 29(2) దాన్ని కాపాడుతుంది. రుజువు చేయాల్సింది మాత్రం ఆ కాగితం పట్టుకున్నవాళ్లే. నోటరీ ముద్ర ఉంటే చాలనుకోవడం పొరపాటు.

కాజీపేట రైల్వే పెన్షనర్ల ఇళ్లల్లో దీని దెబ్బ నేరుగా తగులుతుంది. 2004 నుంచి కేంద్ర పెన్షన్ నిబంధనల్లో విడాకులైన కూతురికి పాతికేళ్లు దాటినా, వేరే జీవనాధారం లేకపోతే, ఫ్యామిలీ పెన్షన్ అర్హత ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి ఉండగా కోర్టులో కేసు వేసి ఉంటే డిక్రీ తర్వాత వచ్చినా సరేనని 2017 జూలైలో సడలించారు. రెండింటిలోనూ అడిగేది కోర్టు కాగితమే. తల్లిదండ్రులిద్దరూ పోయాక బాండు పేపరు పట్టుకుని వెళ్తే, ఇప్పుడు కోర్టుకు వెళ్లినా ఆ తేదీ వెనక్కి రాదు. అమెరికాలో ఉన్న వరంగల్ పిల్లల సంగతీ అంతే. కొత్త భార్యకో భర్తకో ఐ-130 (అమెరికా వలస పిటిషన్) వేసేటప్పుడు పాత పెళ్లి చట్టప్రకారం ముగిసిందన్న రుజువు పెట్టాలి, ఇక్కడి పెద్దమనుషుల సంతకాలు అక్కడ ఎవరికీ పట్టవు.

ముస్లిం కుటుంబాలకు దారి వేరు. ఖాజీ దగ్గరి రిజిస్టరు, వక్ఫ్ బోర్డులో ఖాజీల వ్యవహారాలు చూసే ఖజాత్ విభాగం అక్కడ ముఖ్యం. అయితే భార్య కోరే విడాకులకు, అంటే ఖులాకు, భర్త ఒప్పుకోలు అక్కర్లేదని, మత పెద్దల కాగితంతో సరిపోదు, కోర్టు ముద్ర ఉండాలని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పాక వాళ్లు కూడా ఇకపై ఫ్యామిలీ కోర్టు కాపీల వరుసలోకే వస్తారు.

ఇప్పుడు కొందరు డిమాండ్ చేస్తున్నట్టు విడాకుల తీర్పులన్నీ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే హైకోర్టు సర్క్యులర్‌తో అయ్యే పని కాదు, సెక్షన్ 22ను మార్చాలి. 23(4) అమలుకు అలాంటి సవరణేదీ అక్కర్లేదు, ఉన్నదే ఉంది. కాకపోతే కోర్టుకు రాని పక్షానికి ఆ ఉచిత కాపీ ఎలా చేర్చాలో, ఏ చిరునామాకు పంపాలో ఆ ఉపసెక్షన్ చెప్పలేదు. పాత చిరునామాకే పంపితే అక్కడ మళ్లీ తాళమే ఉంటుంది.