బాధితుల అంబుడ్స్‌మన్‌కు చట్టబద్ధ అధికారం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ కోర్టులో బాధితుల తరఫున వాదించే వకీలును. నేరం వల్ల నష్టపోయినవాళ్ల గోడు వినడానికి ఒక అంబుడ్స్‌మన్ (ఆఫీసుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) ఉండాలి, ఆ పదవికి సొంత చట్టం ఉండాలి అన్నప్పుడల్లా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఉన్నారు కదా!
వాస్తవం: పీపీ ప్రభుత్వం తరఫు వకీలు. బాధితురాలు ఆయనకు క్లయింటు కాదు, సాక్షి.

అపోహ: కొత్త చట్టంలో హక్కులన్నీ వచ్చేశాయి.
వాస్తవం: చాలానే వచ్చాయి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 193వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోపు బాధితులకు చెప్పాలి. చెప్పకపోతే? ఆ సెక్షన్‌లో దానికి జవాబు లేదు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకున్న ఎఫ్‌ఐఆర్ కాపీ తీసి "సారూ, మా కేసు ఏడిదాకొచ్చింది?" అని అడిగింది. స్టేషన్‌కు పోతే కోర్టులో అడగమన్నారట. కోర్టులో చార్జిషీటే రాలేదన్నారు. ఆమె పక్షాన ఫైలు తెప్పించి, గడువు ఎందుకు దాటిందని నిలదీయడమే పనిగా ఉన్న అధికారి మనకు లేరు.

అపోహ: మానవ హక్కుల కమిషన్ చూసుకుంటుంది.
వాస్తవం: కొంతవరకే. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టలేదు. చివరికి ఇచ్చేదీ సిఫార్సే.

అపోహ: ఒక అధికారిని వేస్తే సరిపోతుంది, చట్టం దేనికి?
వాస్తవం: అసలు మెలిక ఇక్కడే ఉంది. కెనడా 2007లో ఈ పదవిని ప్రభుత్వ ఉత్తర్వుతోనే పెట్టింది. అంబుడ్స్‌మన్ జవాబుదారీ న్యాయశాఖ మంత్రికే. ఫిర్యాదు న్యాయశాఖ మీదే అయితే ఎంత గట్టిగా మాట్లాడగలరు? ఇంగ్లండ్‌లో బాధితుల కమిషనర్ పదవి 2004 చట్టంతో వచ్చింది. కమిషనర్ సిఫార్సులకు సంబంధిత శాఖలు 56 రోజుల్లో బదులివ్వాలని 2024 చట్టంలో చేర్చారు. మనకైతే ఫైళ్లు తెప్పించుకునే అధికారం, సొంత బడ్జెట్, శాసనసభకు నేరుగా నివేదిక ఇచ్చే వీలు చట్టంలోనే రాసి ఉండాలి. జీవోతో వచ్చిన పదవి ఇంకో జీవోతో పోతుంది.

అపోహ: కోర్టు పనిలో వేలు పెడతారు, నిందితుడికి అన్యాయం జరుగుతుంది.
వాస్తవం: తీర్పు, బెయిలు ఆ అధికారి పరిధిలోకి రానేరావు. చూసేది ఆఫీసులు తమ పని చేశాయా లేదా అన్నదే.

అపోహ: శిక్ష పడితేనే పరిహారం.
వాస్తవం: కాదు. నిందితుడు దొరక్కపోయినా బీఎన్‌ఎస్‌ఎస్ 396వ సెక్షన్ కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు మీద సంస్థ తన విచారణను రెండు నెలల్లో ముగించాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100. దరఖాస్తు ఇచ్చాక ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా మాత్రం ఇంటికి పోకండి.