నల్లమల పొగ దొరుకుతుంది, హగరి ఇసుక దొరకదు

ఆషాఢం గాలి మొదలైందంటే అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డు రైతులకు టెన్షనే. ఎండిన ఏట్లో ఇసుక లేచి పొలాల మీద పడుతుంది. అంతకుముందు, ఫిబ్రవరి నుంచి మే దాకా, నల్లమలలో బోదగడ్డి, రాలిన ఆకు అంటుకుని పొగ లేస్తుంది. ఈ పొగను ఉపగ్రహాలు బాగానే పట్టుకుంటాయి. ఇసుక దగ్గరే తడబడతాయి.

నిజానికి దుమ్మును వెతికే పని మొదలైందే అనుకోకుండా. 1978లో నింబస్-7 ఉపగ్రహం మీద నాసా పంపిన టామ్స్ అనే పరికరం పని ఓజోన్ కొలవడం. భూమి వైపు నుంచి తిరిగొచ్చే అతినీలలోహిత కాంతిని బట్టి అది లెక్క కట్టేది. కొన్నిచోట్ల ఆ లెక్క కుదిరేది కాదు. ఎడారి దుమ్ము, అడవుల పొగ ఆ కాంతిని మింగేస్తున్నాయి. ఓజోన్ వాళ్లకు తలనొప్పిగా ఉన్న ఆ తేడానే 1990లలో దుమ్ము, పొగల సూచికగా మార్చేశారు. దాంతో దాచిపెట్టిన పాత రికార్డులన్నీ కొత్తగా పనికొచ్చాయి. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1999 డిసెంబరులో టెర్రా, 2002 మేలో ఆక్వా అనే నాసా ఉపగ్రహాలు ఎగిరాయి. వాటిలోని మోడిస్ పరికరానికి సముద్రం మీదా, దట్టమైన అడవి మీదా తేలే దుమ్మును గుర్తించడం తేలిక, ఎందుకంటే కింద ముదురు రంగు ఉంటుంది. వేసవిలో బీడుపడ్డ మన ఎర్రనేల అలా కాదు. నేలా మెరుస్తుంది, పైన దుమ్మూ మెరుస్తుంది. నీలి కాంతిలో చూస్తే ఇలాంటి నేలలు ముదురుగా కనిపిస్తాయన్న కిటుకుతో 2004లో డీప్ బ్లూ అనే లెక్కింపు పద్ధతి వచ్చింది. అయినా ఈ ఉపగ్రహాలు ఒక్కోటి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి దాటిపోయేవే. పొగ ఎటు కదులుతోందో వెంటబడి చూడాలంటే 2013లో మనవాళ్లు పంపిన ఇన్‌శాట్-3డి లాంటిది కావాలి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలిచి అరగంటకో చిత్రం తీస్తుంది. అంత దూరం నుంచి వివరం మాత్రం తగ్గుతుంది.

నిప్పు సంగతి వేరు. దాన్ని పొగను బట్టి కాదు, వేడిని బట్టి పసిగడతారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి మోడిస్ సమాచారంతో అటవీ సిబ్బందిని హెచ్చరిస్తోంది. మోడిస్ చిత్రంలో ఒక్కో గడి కిలోమీటరు. 2017 నుంచి వాడుతున్న వీర్స్ అనే మరో ఉపగ్రహ పరికరంలో అది 375 మీటర్లు. పాత కర్నూలు జిల్లాలో, అంటే 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న నల్లమల అటవీ బీట్ల సిబ్బందికి ఎస్ఎంఎస్ వస్తోందంటే దాని వెనక ఉన్నది ఇదే. ఉపగ్రహం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటిపోయాక అంటుకుని రాత్రికల్లా ఆరిపోయిన మంట మాత్రం దానికి తెలియదు.

హగరి ఇసుకకు ఇవేవీ పెద్దగా అక్కరకు రావు. సన్నని దుమ్ము పైకి లేచి రోజుల తరబడి తేలుతుంది. ఇసుక రేణువు బరువు, నేలకు దగ్గరగా గెంతుకుంటూ పోతుంది. పైగా అది ఎగిరేది నైరుతి గాలుల కాలంలో, మబ్బుల కింద. అందుకే దాన్ని గాలిలో కాక నేల మీద వెతకాలి. 1972 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు, 1988 నుంచి మన ఐఆర్ఎస్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలను ఏడాదికేడాది పక్కపక్కన పెడితే దిబ్బలు ఎంత జరిగాయో చూడొచ్చు. 2016లో ఇస్రో అచ్చువేసిన ఎడారీకరణ అట్లాస్ కూడా ఐఆర్ఎస్ చిత్రాలతో చేసిందే.

ఆకాశం నుంచి వచ్చిన అంకె సరైనదో కాదో తేల్చేందుకు నేల మీద కొలత కావాలి. ఇస్రో కార్యక్రమంలో భాగంగా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గాలిలోని ధూళి, మసి కొలిచే పరికరాలు పెట్టింది అందుకే. కానీ కొలత క్యాంపస్‌లో, ఇసుక కణేకల్లులో.