లేఅవుట్ ఉచితం, ఫిట్టింగులు మా దగ్గరే: లైటింగ్ డిజైనర్ల సంఘం ఎందుకు అవసరమైంది

ఫాల్స్ సీలింగ్ పని మొదలుపెట్టే ముందు లైట్ల షాపుకు వెళ్తే, 'లేఅవుట్ మేమే వేసిస్తాం, దానికేం తీసుకోం' అంటారు. ఆ డ్రాయింగ్ ఖర్చు ఫిట్టింగుల ధరలోనే కలిసి ఉంటుంది. సీలింగ్‌లో ఎన్ని ఫిట్టింగులు పడితే డ్రాయింగ్ వేసినవాళ్లకు అంత లాభం. ఈ రెంటికీ మధ్య ఉన్న ముడిని విప్పి, వెలుగును డిజైన్ చేయడాన్ని అమ్మకంతో సంబంధం లేని వృత్తిగా నిలబెట్టిన సంస్థ ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ లైటింగ్ డిజైనర్స్, పొట్టిగా ఐఏఎల్‌డీ. 1969లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆ తర్వాత కేంద్ర కార్యాలయం చికాగోకు మారింది.

అంతకు ముందు అమెరికాలో వెలుగు గురించి మాట్లాడే పెద్ద వేదిక ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ. అది 1906 నాటిది. ఇంజనీర్లు, బల్బుల కంపెనీలవాళ్లు, కరెంటు కంపెనీలవాళ్లు అందరూ అందులో ఉండేవాళ్లు. ఒక చోట పడే వెలుతురును కొలిచే లక్స్ లెక్కలకు, కొలతలకు అది చేసిన పని చాలా గొప్పది. కానీ ఆఫీసు గదికి ఎంత వెలుతురు కావాలన్న సిఫారసు దశాబ్దం తర్వాత దశాబ్దం పెరుగుతూనే పోయింది. 1950ల చివరికి సాధారణ ఆఫీసుకు 100 ఫుట్‌క్యాండిల్స్, అంటే సుమారు 1,076 లక్స్ దాకా వెళ్లింది. ఇవాళ అలాంటి పనికి 300 నుంచి 500 లక్స్ చాలంటున్నాం. సీలింగ్ నిండా వరుసగా ట్యూబులు పరిస్తే తప్ప అప్పటి 1,076 అంకె అందేది కాదు. అంకె పెరిగేకొద్దీ ట్యూబుల అమ్మకమూ, కరెంటు వాడకమూ పెరిగేవి. మనిషి కన్ను ఏం చూడాలనుకుంటుందో వదిలేసి టేబుల్ మీద లక్స్ మాత్రమే కొలవడం తప్పని గట్టిగా వాదించినవాళ్లలో కేంబ్రిడ్జ్, మసాచుసెట్స్‌లో పనిచేసిన లైటింగ్ డిజైనర్ విలియం లామ్ ముఖ్యుడు.

వృత్తికి రెండో వేరు నాటకరంగంలో ఉంది. యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మెక్‌కాండ్లెస్ రంగస్థల వెలుగుకు ఒక పద్ధతి నేర్పాడు. ఏబ్ ఫెడర్ న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల నుంచి భవనాల లైటింగ్‌కు వచ్చాడు. యేల్‌లోనే ఆర్కిటెక్చర్ చదివిన రిచర్డ్ కెల్లీ వెలుగును మూడు రకాలుగా విడదీశాడు: చూపును ఒక చోటికి లాగే వెలుగు, గదంతా పరుచుకునే వెలుగు, మెరుపుతో ఉల్లాసం కలిగించే వెలుగు. లక్స్‌లో చెప్పలేనిదాన్ని ఆర్కిటెక్ట్‌తో మాట్లాడటానికి ఆ మూడు మాటలు పనికొచ్చాయి. న్యూయార్క్‌లో 1958 నాటి సీగ్రమ్ భవనంలో లాబీ గోడల ట్రావర్టీన్ రాయి పైనుంచి కిందికి సమంగా వెలగడం ఆయన పనే.

కెల్లీ చేసినవాటిలో ఈ చర్చకు అసలైన సాక్ష్యం టెక్సస్ ఫోర్ట్‌వర్త్‌లోని కింబెల్ ఆర్ట్ మ్యూజియం (1972). ఆర్కిటెక్ట్ లూయీ కాన్ గీసిన కాంక్రీట్ కమానులు ఒక్కొక్కటి సుమారు 100 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు. కమాను నడినెత్తిన పొడవునా సన్నటి చీలిక ఉంటుంది. టెక్సస్ ఎండ అందులోంచి నేరుగా దిగితే పటాల రంగులు వెలిసిపోతాయి. అద్దం అడ్డం పెడితే కళ్లు చెదురుతాయి. అందుకని చీలిక కింద రెక్కల్లా వంగిన, చిల్లులున్న అల్యూమినియం రిఫ్లెక్టర్ వేలాడదీశారు. ఎండ దానికి తగిలి పైకి తిరిగి కమాను లోపలి కాంక్రీట్ మీద పడుతుంది. ఆ కాంక్రీట్ వెండి రంగులో వెలిగి, గదిలోకి మెత్తని వెలుతురు దిగుతుంది. ఆ రేకు వంపును కంప్యూటర్‌తో లెక్కించారు. ఈ వస్తువు ఏ కేటలాగులోనూ లేదు. అమ్మేవాళ్లు వేసే ఉచిత లేఅవుట్‌లో ఇలాంటి పరిష్కారం రాదు, ఎందుకంటే అందులో వాళ్లు అమ్మేదేమీ లేదు.

ఐఏఎల్‌డీ వృత్తి సభ్యత్వానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. లైట్లు తయారుచేసే, అమ్మే, బిగించే వ్యాపారంతో డిజైనర్‌కు డబ్బు సంబంధం ఉండకూడదు. ఫీజు యజమాని నుంచో ఆర్కిటెక్ట్ నుంచో రావాలి. తయారీదారులను సంఘం బయటికి నెట్టలేదు, వాళ్లకు వేరే మండలి పెట్టింది. ఇది మంచి నిర్ణయమని మా అభిప్రాయం. కొత్త ఎల్‌ఈడీ, దానికి కరెంటు అందించే కొత్త డ్రైవర్ పరికరం సంగతి ముందు తెలిసేది వాళ్లకే. 1983 నుంచి ఏటా ఇచ్చే అవార్డులతో డిజైనర్ పేరు కూడా భవనం పక్కన కనపడటం మొదలైంది.

1973 చమురు సంక్షోభం ఈ వృత్తికి అనుకోకుండా బలం ఇచ్చింది. 1975లో ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం తెచ్చిన ప్రమాణం భవనాల్లో కరెంటు వాడకానికి హద్దు గీసింది. తర్వాతి కూర్పుల్లో ఆ హద్దు బిగుస్తూ వచ్చింది: ఆఫీసు భవనానికి 1999లో చదరపు అడుగుకు 1.3 వాట్లు, 2004లో 1 వాట్. భవనాల్లో కరెంటు పొదుపు కోసం మన దేశం తెచ్చిన ఈసీబీసీ కోడ్ 2007 కూర్పులో ఆఫీసుకు పెట్టిన చదరపు మీటరుకు 10.8 వాట్లు ఆ ఒక్క వాట్‌కి సమానమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో ఆ కోడ్‌ను తన రూపంలో తెచ్చుకుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల ఆఫీసుకు 1,080 వాట్లు. ట్యూబు, చోక్ కలిపి 46 వాట్లనుకుంటే 23 ట్యూబులకు మించి పెట్టలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు ఎన్ని పెట్టాలన్నది కాదు, ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న అయింది.

ఇక సంఘం ఇప్పటికీ పోరాడుతున్న విషయం, డిజైనర్ రాసింది చివరికి సీలింగ్‌లోకి రాకపోవడం. పనికి కావాల్సిన వస్తువుల పట్టిక అయిన బీఓక్యూలో 'ఆర్ ఈక్వివలెంట్' (లేదా దానికి సమానమైనది) అన్న ఒక్క మాట చాలు. ఒక వరుస చూడండి: డౌన్‌లైట్, 12 వాట్లు, 3000 కెల్విన్ (వెలుగు రంగు), సీఆర్‌ఐ 90 (వస్తువుల రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె), బీమ్ 24 డిగ్రీలు (వెలుగు విచ్చుకునే కోణం), నడిమధ్య తీవ్రత 2,000 క్యాండెలా. ఈ తీవ్రతను దూరం వర్గంతో భాగిస్తే 2 మీటర్ల కింద 500 లక్స్. కాంట్రాక్టర్ తెచ్చినదీ 12 వాట్లే, 3000 కెల్వినే, మొత్తం వెలుగును చెప్పే ల్యూమెన్లూ అంతే. బీమ్ మాత్రం 36 డిగ్రీలు. అదే వెలుగు సుమారు రెండింతలకు పైగా విస్తీర్ణం మీద పరుచుకుంటుంది కాబట్టి నడిమధ్య తీవ్రత 900 క్యాండెలా దగ్గరికి, లక్స్ 225 దగ్గరికి పడిపోతాయి. విగ్రహం మీద పడాల్సిన వెలుగు వెనక గోడంతా పాకుతుంది. బిల్లులో మాత్రం రెండూ ఒకటే. డిమ్మింగ్ పద్ధతి కలవని డ్రైవర్ వస్తే తగ్గించినప్పుడు మిణుకుమిణుకులు కూడా తోడవుతాయి.

దీనికి తోడు అన్ని ఫిట్టింగులకూ కలిపి ఒకే మొత్తం చెప్పే పద్ధతి ఉంది. అందులో ఏది ఎంతో తెలియదు, ఒకటి మార్చమంటే మొత్తం ధర కదులుతుంది. స్పెసిఫికేషన్ చెదరకుండా కాపాడుకోవడంపై ఐఏఎల్‌డీ మార్గదర్శకాలు తెచ్చింది అందుకే. ఆచరణలో ఒక్కో ఫిట్టింగుకు విడి ధర అడగాలి. వాట్లతో సరిపెట్టకుండా నడిమధ్య క్యాండెలా, బీమ్, డ్రైవర్ మోడల్ రాయాలి. మార్పు కావాలన్నవాళ్లే, వెలుగు ఎటు ఎంత పడుతుందో చెప్పే ఫోటోమెట్రిక్ ఫైలు, వెలిగే శాంపిల్ తెచ్చి చూపాలి. సీలింగ్ మూయకముందే ఒక మూల మాకప్ (నమూనాగా బిగించి చూడటం) చేయాలి.

అర్హత సంగతి మరో పాయ. అమెరికాలో 1991లో వేరే మండలి ఏర్పడి, పరీక్ష పెట్టి ఎల్‌సీ (లైటింగ్ సర్టిఫైడ్) అనే గుర్తింపు ఇవ్వసాగింది. అది మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2009లో టెక్సస్ శాసనసభకు వచ్చిన ఒక బిల్లు, లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టులు, ఇంజనీర్లలాంటివాళ్లు తప్ప మరెవరూ లైటింగ్ డిజైన్ చేయకుండా ఆపబోయింది. నలభై ఏళ్ల వృత్తికి చట్టంలో పేరే లేదని డిజైనర్లకు అప్పుడు తెలిసొచ్చింది. సంఘం కదిలింది, ఆ ఆంక్ష చట్టం కాలేదు. ఆ భయం నుంచే సీఎల్‌డీ (సర్టిఫైడ్ లైటింగ్ డిజైనర్) గుర్తింపు పుట్టింది. ఇందులో పరీక్ష హాలు లేదు. చేసిన పనులే ఆధారంగా ఏడు అంశాల్లో నిరూపించుకోవాలి. 

మన దగ్గర 1985 నుంచి ఇండియన్ సొసైటీ ఆఫ్ లైటింగ్ ఇంజనీర్స్ ఉంది, 2010 నుంచి నేషనల్ లైటింగ్ కోడ్ ఉంది. 'ఆర్కిటెక్ట్' అన్న పేరుకు 1972 చట్టం రక్షణ ఇచ్చింది, 'లైటింగ్ డిజైనర్' అన్న పేరుకు అలాంటిదేమీ లేదు. షాపువాళ్లూ కార్డు మీద అదే అచ్చు వేసుకోవచ్చు. కాబట్టి హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా పని అప్పజెప్పేటప్పుడు ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవాలి: ఈ పనిలో వాడే ఏ ఫిట్టింగు మీదా, ఏ కంపెనీ నుంచీ డిజైనర్ కమీషన్ తీసుకోరు.