గ్లేసియర్ కరిగాక కొండకేమవుతుంది? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కూర్చుని హిమాలయాల శాటిలైట్ చిత్రాలు చూడటం నా ఉద్యోగం. మారతహళ్లిలో మనవాళ్లెవరు కలిసినా "ఇక్కడ ఐస్‌క్రీమ్ తప్ప మంచెక్కడుంది బాబూ" అని నవ్వి, ఆ వెంటనే కింద రాసినవాటిలో ఏదో ఒకటి అంటారు.

అపోహ: గ్లేసియర్ (కొండల్లో పేరుకుని మెల్లగా కదిలే మంచునది) వెనక్కి తగ్గుతోందంటే పైకి పాకుతోందని.

వాస్తవం: మంచు ఎప్పుడూ కిందికే జారుతుంది. పైనుంచి వచ్చేదానికంటే కొసన కరిగేది ఎక్కువైతే ఆ కొస పైకి జరుగుతుంది, అంతే. గంగోత్రి గ్లేసియర్ కొస అయిన గోముఖ్ దగ్గర జరుగుతున్నదీ ఇదే.

అపోహ: మంచు పోతే గట్టి రాయి మిగులుతుంది, ఇక భయమేముంది?

వాస్తవం: లాల్‌బాగ్ బండ మీద పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లకు రాయంటే కదలనిదే, నిజమే, దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. గ్లేసియర్ లోయ గోడలు అలా కాదు. మంచు వాటి అడుగును కోసేసి, తానే ఆనుకుని నిలబెట్టింది. ఆ ఆసరా తీసేస్తే పగుళ్లు తెరుచుకుంటాయి, వాలు మొత్తం నెమ్మదిగా కుంగుతుంది, ఒక్కోసారి నెమ్మదిగా కూడా కాదు. ఆల్ప్స్‌లో అన్నిటికంటే పెద్దదైన ఆలెచ్ గ్లేసియర్ పక్కన మూస్‌ఫ్లూ వాలు 2016లో ఉన్నట్టుండి వేగం పెంచింది.

అపోహ: కొత్త సరస్సులు వస్తున్నాయిగా, మంచిదే.

వాస్తవం: ఫోటోలకు మంచిదే! ఆ నీటిని ఆపుతున్నది చాలాచోట్ల మొరైన్, అంటే గ్లేసియర్ మోసుకొచ్చి పోసిన రాళ్లూ మట్టీ కుప్ప. మన చెరువు గట్టులా ఎవరూ తొక్కి గట్టిపరచలేదు, లోపల పాత మంచు ఉంటే అదీ కరిగి గట్టు దిగబడుతుంది. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ లొనాక్ సరస్సులోకి పక్క మొరైన్ జారిపడింది, లేచిన అల గట్టు తెంచింది, ఆ వరద చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్‌ను ఊడ్చుకుపోయింది. సరస్సు ఏళ్లుగా పెరుగుతోందని చిత్రాల్లో కనిపిస్తూనే ఉంది, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

అపోహ: కరిగేకొద్దీ నదికి నీళ్లే నీళ్లు.

వాస్తవం: కొన్నేళ్లు. మంచు నిల్వ తరిగాక నీళ్లూ తగ్గుతాయి.

అపోహ: అక్కడి నీళ్లు పాలలా ఉన్నాయంటే కాలుష్యమే. (ట్రెక్‌కి వెళ్లొచ్చిన మా తమ్ముడి సిద్ధాంతం.)

వాస్తవం: అది రాతి పిండిరా నాయనా, గ్లేసియర్ తిరగలిలా కొండను విసిరిన పొడి.